ఒకే లిస్టు, రెండు పేర్లు: పైథాన్‌లో సమాన గుర్తు నిజంగా చేసే పని

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు వరంగల్‌లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నారు. సీ భాష నేర్చుకుని ఇప్పుడు పైథాన్‌కు వచ్చారు. ల్యాబ్ అభ్యాసం కోసం కాజీపేట నుంచి మంచిర్యాల దాకా ఉన్న కొన్ని స్టేషన్ల పేర్లను ఒక లిస్టుగా రాసి, తిరుగు ప్రయాణం కోసం దాన్ని ఇంకో వేరియబుల్‌కు అసైన్ చేసి, ఆ రెండోదాన్ని తిరగేశారు. ప్రింట్ చేసి చూస్తే రెండూ తిరగబడి ఉన్నాయి. అదే పనిని పత్తి ధరతో, అంటే ఒక సంఖ్యతో చేస్తే మాత్రం మొదటి వేరియబుల్ చెక్కుచెదరలేదు. సంఖ్యలకు ఒక రూలు, లిస్టులకు ఇంకో రూలా అన్నది మీ మొదటి ప్రశ్న. మార్కుల పట్టికలో ఒక విద్యార్థికి మార్కులు వేస్తే అందరికీ పడుతున్నాయన్నది రెండోది. ఎందుకొచ్చిన గొడవ, అన్నిచోట్లా కాపీ అని రాసేస్తే పోదా అన్నది మూడోది.

రూలు ఒక్కటే. ఎడమవైపు ఒంటి పేరు ఉన్నప్పుడు పైథాన్‌లో సమాన గుర్తు చేసే పని ఇంతే: కుడివైపున ఉన్నదాన్ని లెక్కగట్టి, వచ్చిన ఆబ్జెక్టుకు (మెమరీలో ఉండే సంఖ్య, లిస్టు వంటి వస్తువుకు) ఆ పేరును తగిలిస్తుంది. అంతకుముందు ఆ పేరు వేరొక ఆబ్జెక్టుకు తగిలి ఉంటే అక్కడి నుంచి ఊడిపోతుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా కాపీ జరగదు, సంఖ్యకూ జరగదు, లిస్టుకూ జరగదు. మీ రెండు ప్రోగ్రాముల్లో ఫలితం వేరుగా రావడానికి కారణం మీరు చేసిన పనులే వేరు కావడం. ధర విషయంలో మీరు పేరును కొత్త ఆబ్జెక్టుకు మార్చారు. స్టేషన్ల విషయంలో ఆబ్జెక్టునే మార్చారు.

మీ కోడ్‌నే వరుసగా చూద్దాం. ఇక్కడ అంతా తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు రివర్స్, అపెండ్, ప్రింట్ వంటి పైథాన్ సొంత మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. వేరియబుల్ పేర్లను మాత్రం పైథాన్ 3 నిజంగానే తెలుగులో అనుమతిస్తుంది. ఒక జాగ్రత్త: పదం మధ్యలో పొల్లు నిలవడం కోసం మన కీబోర్డులు చొప్పించే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పేరులో ఉంటే పైథాన్ ఒప్పుకోదు, చెల్లని క్యారెక్టర్ అని ఎర్రర్ ఇస్తుంది.

పోయేదారి = ["కాజీపేట", "జమ్మికుంట", "పెద్దపల్లి", "రామగుండం", "మంచిర్యాల"]
వచ్చేదారి = పోయేదారి
వచ్చేదారి.రివర్స్()
ప్రింట్(పోయేదారి)

మొదటి వరుస నడిచినప్పుడు మెమరీలో ఒక లిస్టు ఆబ్జెక్టు పుడుతుంది, దానికి పోయేదారి అనే పేరు తగులుతుంది. రెండో వరుసలో కుడివైపున ఉన్నది పోయేదారి. దాన్ని లెక్కగడితే వచ్చేది ఆ లిస్టే, దాని నకలు కాదు. దానికే వచ్చేదారి అనే రెండో పేరు కూడా తగులుతుంది. ఇప్పుడు పేర్లు రెండు, లిస్టు ఒకటి. మూడో వరుసలో సమాన గుర్తే లేదు. వచ్చేదారి అనే పేరు ఏ లిస్టును చూపిస్తుందో ఆ లిస్టు దగ్గరకు వెళ్లి, నీలోని అంశాలను తిరగేసుకో అని ఆ వరుస చెబుతుంది. లిస్టు తనను తాను తిరగేసుకుంటుంది. ఆ తర్వాత పోయేదారి అనే పేరుతో చూసినా కనిపించేది ఆ తిరగబడిన లిస్టే కాబట్టి మంచిర్యాల ముందుకూ కాజీపేట చివరకూ వచ్చాయి.

ఇప్పుడు ధరల ప్రోగ్రాము. సంఖ్యలు ఊరికే ఉదాహరణకు.

నిన్నటిధర = 7000
నేటిధర = నిన్నటిధర
నేటిధర = నేటిధర + 100

రెండో వరుస దాకా ఇదీ స్టేషన్ల కథే: 7000 అనే ఒకే సంఖ్యా ఆబ్జెక్టుకు రెండు పేర్లు. తేడా మూడో వరుసలో ఉంది. కుడివైపున కూడిక జరిగి 7100 అనే వేరే ఆబ్జెక్టు తయారైంది, నేటిధర అనే పేరు 7000 నుంచి ఊడి 7100కు తగులుకుంది. 7000 ఎక్కడిదక్కడే ఉంది, నిన్నటిధర దాన్నే చూపిస్తోంది. మీరు లిస్టుతో కూడా మూడో వరుసలో సరిగ్గా ఇలాంటి పనే చేసి ఉంటే, ఉదాహరణకు వచ్చేదారి = ["మంచిర్యాల", "రామగుండం"] అని రాసి ఉంటే, పోయేదారికి ఏమీ అయ్యేది కాదు. కావాలంటే ఇప్పుడే నడిపి చూడండి.

దీన్ని చుట్టరికాలతో పోల్చుకోవచ్చు. ఇంట్లో ఒకే మనిషిని అక్క పిల్లలు మామ అంటారు, అన్న పిల్లలు కాక అంటారు. ఆయన వేములవాడ వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తే మామకూ గుండే, కాకకూ గుండే. కాక జుట్టు ఎట్లా పోయిందని అన్న పిల్లలెవరూ ఆశ్చర్యపోరు. అదే అక్క పిల్లలు రేపటి నుంచి వేరొకరిని మామ అని పిలవడం మొదలుపెడితే, దానివల్ల ఈయన తల మీద ఒక్క వెంట్రుక కూడా అటూ ఇటూ కాదు. గుండు చేయించుకోవడం మార్పు, పిలుపు మారడం అసైన్‌మెంట్.

ఇక సంఖ్యలు ఎందుకు ఎప్పుడూ సురక్షితంగా కనిపిస్తాయంటే, సంఖ్యా ఆబ్జెక్టును లోపలి నుంచి మార్చే మార్గమే పైథాన్ ఇవ్వలేదు. 7000ను 7100గా మారిపో అని అడిగే మెథడ్ (రివర్స్ లాగా పేరు పక్కన చుక్క పెట్టి పిలిచే పని) లేదు. ఏ లెక్క చేసినా కొత్త ఆబ్జెక్టే వస్తుంది. స్ట్రింగులు (అక్షరాల వరుసలు), టపుల్స్ (గుండ్రటి బ్రాకెట్లలో రాసే వరుసలు), బూలియన్లు (ట్రూ, ఫాల్స్) కూడా ఇదే జాతి, వీటిని ఇమ్యూటబుల్ అంటారు. లిస్టులు, డిక్షనరీలు, సెట్లు పుట్టిన తర్వాత కూడా మారగలిగినవి, అంటే మ్యూటబుల్. మారలేనిదానికి పది పేర్లున్నా ఎవరికీ నష్టం లేదు కాబట్టి అక్కడ పంచుకోవడం జరుగుతోందన్న సంగతే మనకు తెలియదు. లిస్టు దగ్గరికి వచ్చేసరికి అది బయటపడుతుంది.

స్ట్రింగుల దగ్గర ఇదే తికమక తలకిందులుగా ఎదురవుతుంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది కదా, దాన్ని ప్రోగ్రాములో సవరించాలనుకున్నారనుకోండి:

జిల్లా = "వరంగల్ అర్బన్"
జిల్లా.రీప్లేస్("వరంగల్ అర్బన్", "హనుమకొండ")
ప్రింట్(జిల్లా)

పాత పేరే వస్తుంది. రీప్లేస్ కొత్త స్ట్రింగును తయారు చేసి ఇచ్చింది, దాన్ని పట్టుకునే పేరు లేక అది వృథాగా పోయింది. జిల్లా = జిల్లా.రీప్లేస్(...) అని రాయాలి. లిస్టుల్లో మాత్రం ఈ అలవాటే కొంప ముంచుతుంది. ధరలు = ధరలు.సార్ట్() అని రాస్తే ధరలు వరుసలో పడవు సరికదా, ఆ పేరు నన్ అనే శూన్య ఆబ్జెక్టును చూపిస్తుంది. సార్ట్ మెథడ్ ఉన్న లిస్టునే సర్దుతుంది, తిరిగి ఇచ్చేది నన్. ఆ నన్‌ను తీసుకొచ్చి మీరే ధరలు అనే పేరుకు తగిలించారు. రివర్స్, అపెండ్, ఎక్స్‌టెండ్, ఇన్సర్ట్, రిమూవ్ అన్నీ ఇంతే. తామే వస్తువును మార్చేసే మెథడ్లు సాధారణంగా నన్ ఇచ్చేలా పైథాన్ రూపకర్తలు కావాలనే పెట్టారు, కొత్తది వచ్చిందని ఎవరూ పొరబడకుండా. పాప్ ఇందుకు మినహాయింపు, అది లిస్టును మార్చడంతో పాటు తీసేసిన అంశాన్ని చేతికిస్తుంది. పాత లిస్టు అలాగే ఉండి, సర్దిన లిస్టు వేరుగా కావాలంటే సార్టెడ్(ధరలు) అనే ఫంక్షన్ ఉంది.

మీ ఇబ్బందికి మూలం సీ అని నా అభిప్రాయం. సీలో వేరియబుల్ అంటే మెమరీలో ఒక పెట్టె అని చెబుతారు, అక్కడ ఆ మాట సరైనదే. ఇంట్ రకం వేరియబుల్‌ను ఇంకోదానికి అసైన్ చేస్తే ఒక గడిలోని విలువ మరో గడిలోకి నకలవుతుంది, ఆ తర్వాత రెండింటికీ సంబంధం ఉండదు. ఈ పెట్టె బొమ్మను పైథాన్‌కు మోసుకొస్తే సంఖ్యల దాకా బండి నడుస్తుంది, లిస్టుల దగ్గర బోల్తా కొడుతుంది. అయితే సీలో కూడా మీరు ఈ సంగతిని ఒకచోట చూసే ఉంటారు. అక్కడ ఒక అరేను ఇంకో అరేకు నేరుగా అసైన్ చేయనివ్వదు; ఫంక్షన్‌కు పంపితే వెళ్లేది మొదటి అంశం చిరునామా మాత్రమే, అందుకే ఫంక్షన్ లోపల అరేను సార్ట్ చేస్తే మెయిన్‌లో కూడా సార్ట్ అయి కనిపిస్తుంది. పైథాన్ పేర్లన్నీ ఆ తీరుగానే నడుస్తాయి, చిరునామా మన కంటికి కనిపించదు, అంతే. మీ సీనియర్ ఎవరైనా సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్‌ను అసైన్ చేస్తే కాపీ అవుతుందని చెబితే అది కూడా నిజమే. భాష మారితే సమాన గుర్తు అర్థం మారుతుంది, కాబట్టి కొత్త భాష చేతికి వచ్చిన ప్రతిసారీ మొదటగా పరీక్షించాల్సింది దీన్నే.

రెండు పేర్లు ఒకే ఆబ్జెక్టును చూపిస్తున్నాయో లేదో పైథాన్‌నే అడగవచ్చు. పోయేదారి ఇజ్ వచ్చేదారి అన్నది ట్రూ ఇస్తే ఆబ్జెక్టు ఒక్కటే. జంట సమాన గుర్తు అడిగేది వేరే ప్రశ్న, లోపలి విలువలు సమానమా అని. ఒకే స్టేషన్లను విడివిడిగా టైప్ చేసి రెండు లిస్టులు చేస్తే జంట సమాన గుర్తు ట్రూ ఇస్తుంది, ఇజ్ ఫాల్స్ ఇస్తుంది. ఐడీ అనే ఫంక్షన్ కూడా ఉంది. బతికున్న ఆబ్జెక్టు ఒక్కొక్కదానికి ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తుంది, మనం సాధారణంగా వాడే సీపైథాన్‌లో అది ఆ ఆబ్జెక్టు మెమరీ చిరునామా. ఈ పరీక్షలను లిస్టులతోనే చేయండి, సంఖ్యలతో చేయకండి. సీపైథాన్ -5 నుంచి 256 వరకు ఉన్న పూర్ణ సంఖ్యలను ముందే తయారు చేసి ఉంచుకుని అందరికీ వాటినే ఇస్తుంది. కాబట్టి విడివిడిగా వచ్చిన రెండు 100లు ఒకే ఆబ్జెక్టుగా కనిపిస్తాయి, రెండు 7000లు ఒకసారి ఒకటిగా ఇంకోసారి వేరుగా కనిపించవచ్చు. ఇది అమలులో పొదుపు కోసం చేసిన ఏర్పాటు, భాష నియమం కాదు. దీన్ని ఇంటర్వ్యూ ప్రశ్నగా అడిగేవారు ఉన్నారు. ప్రోగ్రాము రాసేటప్పుడు దీని మీద ఆధారపడవలసిన అవసరం ఎప్పుడూ రాదు. ఆబ్జెక్టులను, పేర్లను బాణాలతో బొమ్మ గీసి చూపే పైథాన్ ట్యూటర్ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది, ఫిలిప్ గువో రూపొందించారు. మీ స్టేషన్ల కోడ్‌ను అందులో ఒక్కొక్క అడుగూ నడిపిస్తే రెండు బాణాలు ఒకే పెట్టెల వరుస మీదకు వెళ్లడం కంటితో చూడవచ్చు.

సరే, మరి విడి లిస్టు కావాలంటే? పోయేదారి.కాపీ() అనవచ్చు, లిస్ట్(పోయేదారి) అనవచ్చు, పోయేదారి[:] అని స్లైస్ తీసుకోవచ్చు. మూడూ కొత్త లిస్టునే ఇస్తాయి. కాపీ మెథడ్ లిస్టులకు పైథాన్ 3.3లో వచ్చింది, అందుకే పాత పుస్తకాల్లో, పాత కోడ్‌లో స్లైస్ పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది. మీ పనికి వీటిలో ఏదీ అక్కర్లేదు. వచ్చేదారి = పోయేదారి[::-1] అని ఒక్క వరుస రాస్తే తిరగేసిన కొత్త లిస్టు వస్తుంది, పాతది కదలదు.

ఇప్పటిదాకా ఒంటి పేరు ఎడమవైపు ఉన్న సందర్భమే చెప్పాను. పోయేదారి[1] = "ఉప్పల్" అని రాస్తే చూడటానికి అదీ అసైన్‌మెంటే, కానీ అది పోయేదారి అనే పేరును కదిలించదు; ఆ పేరు చూపే లిస్టులోని రెండో స్థానాన్ని (లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 1 అంటే రెండోది) కొత్త స్ట్రింగుకు మారుస్తుంది. అంటే లిస్టు మారుతుంది, దాన్ని చూసే ప్రతి పేరుకూ ఆ మార్పు తెలుస్తుంది. (ఇది కాజీపేట, జమ్మికుంటల మధ్య ఉన్న ఉప్పల్, హైదరాబాద్ ఉప్పల్‌తో కలిపేసుకోకండి.) ఎడమవైపు చదరపు బ్రాకెట్ గానీ చుక్క గానీ కనిపిస్తే అది ఆబ్జెక్టు లోపలి మార్పు అని గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి.

లూపుల్లో ఈ తేడా తెలియక చాలామంది ఇరుక్కుంటారు. ధరలన్నింటికీ 100 కలపాలని ఇలా రాస్తారు:

ఫర్ ధర ఇన్ ధరలు:
    ధర = ధర + 100

లూపు అయ్యాక ధరలు లిస్టు ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. ప్రతి చుట్టులోనూ ధర అనే పేరు లిస్టులోని ఒక అంశానికి తగులుకుంటుంది, లోపలి వరుస ఆ పేరును కొత్త సంఖ్యకు మార్చేస్తుంది, లిస్టు స్థానానికి ఆ కబురు అందదు. ధరలు = [ధర + 100 ఫర్ ధర ఇన్ ధరలు] అని కొత్త లిస్టు కట్టుకోవడం శుభ్రమైన పద్ధతి. ఉన్న లిస్టునే మార్చి తీరాలంటే ఇండెక్స్ (స్థానం సంఖ్య) తీసుకుని ధరలు[ఐ] = ధరలు[ఐ] + 100 అని రాయాలి.

అన్నింటికంటే మోసపూరితమైనది ప్లస్ ఈక్వల్ గుర్తు. సంఖ్యలకు ఎక్స్ = ఎక్స్ + 1 అన్నా, ఎక్స్ += 1 అన్నా ఫలితం ఒకటే కాబట్టి ఇవి ఒకదానికొకటి పొట్టి రూపం, పొడుగు రూపం అని బడిలోనే చెప్పేస్తారు. లిస్టులకు ఇవి ఒకటి కావు. రెండు పేర్లు ఒకే లిస్టుకు ఉన్నప్పుడు వచ్చేదారి = వచ్చేదారి + ["బెల్లంపల్లి"] అంటే కూడిక వల్ల కొత్త లిస్టు పుట్టి వచ్చేదారి అటు వెళ్లిపోతుంది, పోయేదారి పాత అయిదు స్టేషన్లతోనే ఉంటుంది. వచ్చేదారి += ["బెల్లంపల్లి"] అంటే ఉన్న లిస్టుకే తోక చేరుతుంది, పోయేదారిలో కూడా ఆరు స్టేషన్లు కనిపిస్తాయి. ప్లస్ ఈక్వల్ ముందుగా ఆబ్జెక్టునే అడుగుతుంది, ఉన్నచోటే మారగలవా అని. లిస్టు మారగలనంటుంది, సంఖ్య మారలేనంటే మామూలు కూడిక చేసి పేరును మారుస్తుంది. లిస్టు విషయంలో కూడా ఉన్నచోట మార్చిన తర్వాత ఫలితాన్ని మళ్లీ ఎడమవైపుకు అసైన్ చేస్తుంది. ఈ రెండో అడుగు వల్ల ఒక వింత పుడుతుంది. టపుల్ లోపల లిస్టు పెట్టి, జత = ([1, 2], 3) అని, జత[0] += [9] అని నడిపితే టపుల్ స్థానాన్ని మార్చలేవని టైప్ ఎర్రర్ వస్తుంది; అయినా జతను ప్రింట్ చేస్తే లోపలి లిస్టులో 9 చేరిపోయి ఉంటుంది. లిస్టు మారడం ముందు జరిగిపోయింది, అసైన్‌మెంట్ దగ్గర ఎర్రర్ వచ్చింది. టపుల్ మారదు అంటే దాని స్థానాలు ఏయే ఆబ్జెక్టులను చూపిస్తాయో అది మారదని మాత్రమే అర్థం. ఆ ఆబ్జెక్టులు తమంతట తాము మారవని ఎవరూ హామీ ఇవ్వలేదు.

మీ రెండో ప్రశ్న, మార్కుల పట్టిక. నలుగురు విద్యార్థులు, మూడు సబ్జెక్టులు, అన్నీ సున్నాలతో మొదలుపెట్టాలని మీరు రాసింది ఇది:

పట్టిక = [[0] * 3] * 4
పట్టిక[0][1] = 45
ప్రింట్(పట్టిక)

వచ్చింది [[0, 45, 0], [0, 45, 0], [0, 45, 0], [0, 45, 0]]. మొదటి విద్యార్థికి వేసిన 45 నలుగురికీ పడింది. లోపలి [0] * 3 మూడు సున్నాలున్న ఒక లిస్టును తయారు చేసింది. బయటి * 4 ఆ లిస్టును నాలుగుసార్లు కొత్తగా కట్టదు. ఒకే లిస్టును నాలుగు స్థానాల్లోనూ చూపిస్తుంది. మీకు నాలుగు అడ్డు వరుసలు ఉన్నట్టు కనిపించినా మెమరీలో ఉన్నది ఒక్క వరుసే. లోపలి గుణకారంలో కూడా జరిగింది అచ్చంగా ఇదే, మూడు స్థానాలూ ఒకే సున్నాను చూపిస్తున్నాయి; కానీ సున్నా మారలేనిది, పట్టిక[0][1] = 45 అన్నప్పుడు మీరు సున్నాను మార్చలేదు, స్థానాన్ని 45కు మార్చారు. అందుకే లోపలి గుణకారం నిరపాయం, బయటిది ప్రమాదం. సరైన పద్ధతి:

పట్టిక = [[0] * 3 ఫర్ ఐ ఇన్ రేంజ్(4)]

ఇక్కడ లూపు తిరిగిన ప్రతిసారీ [0] * 3 మళ్లీ లెక్కకు వచ్చి, ప్రతిసారీ వేరే లిస్టు పుడుతుంది.

ఈ సరిచేసిన పట్టికనే కాపీ చేయబోతే ఇంకో మెట్టు ఎదురవుతుంది. పాతపట్టిక = పట్టిక.కాపీ() అని భద్రపరచి, తర్వాత పట్టిక[0][1] = 60 అని దిద్దితే పాతపట్టికలో కూడా 60 కనిపిస్తుంది. కాపీ మెథడ్ బయటి లిస్టులోని నాలుగు స్థానాలను మాత్రమే నకలు తీస్తుంది; ఆ స్థానాలు చూపే లోపలి వరుసలు పాతవే, ఇద్దరికీ ఉమ్మడి. దీన్ని షాలో కాపీ అంటారు. లోపలిదాకా విడిపోవాలంటే కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ ఫంక్షన్ వాడాలి, లేదా [వరుస.కాపీ() ఫర్ వరుస ఇన్ పట్టిక] అని రెండో అంతస్తును మనమే కాపీ చేసుకోవాలి. మార్కుల పట్టికలాంటి రెండంతస్తుల పనులకు నేను ఈ రెండోదాన్నే ఇష్టపడతాను. ఏది విడిపోతోందో చదివేవారికి స్పష్టంగా కనిపిస్తుంది. సంఖ్యలు, స్ట్రింగులు మాత్రమే ఉన్న ఒక అంతస్తు లిస్టుకు డీప్‌కాపీ వాడటం శుద్ధ దండగ.

ఫంక్షన్లకు వస్తే, ఆర్గ్యుమెంట్ (పిలిచేటప్పుడు ఇచ్చే విలువ) పంపడం కూడా అసైన్‌మెంటే. ఫంక్షన్ లోపల దాన్ని పట్టుకునే పారామీటర్ పేరు మీరు పంపిన ఆబ్జెక్టుకు తగులుకుంటుంది. కాబట్టి ఫంక్షన్ లోపల దారి.అపెండ్("మందమర్రి") అంటే బయటి లిస్టు పెరుగుతుంది; దారి = [] అంటే బయట ఏమీ కాదు, లోపలి పేరు మాత్రమే ఖాళీ లిస్టు వైపు తిరుగుతుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పైథాన్ పాస్ బై వాల్యూనా (విలువ నకలును పంపడం), పాస్ బై రిఫరెన్సా (అసలు వేరియబుల్‌నే పంపడం) అని అడుగుతారు. రెండూ పూర్తిగా సరిపోవు. 1970లలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం క్లూ అనే భాషను రూపొందించినప్పుడు ఈ పద్ధతిని కాల్ బై షేరింగ్ అన్నారు, పైథాన్ చేసేదీ అదే. ఆ పేరు చెప్పి, పైన చెప్పిన అపెండ్, ఖాళీ లిస్టు ఉదాహరణలు రెండూ బోర్డు మీద రాసి చూపిస్తే ఏ ఎగ్జామినర్ కాదనరు.

ఫంక్షన్లలో అనుభవజ్ఞులను కూడా పట్టే ఉచ్చు డీఫాల్ట్ విలువ, అంటే మనం ఏమీ ఇవ్వకపోతే ఫంక్షన్ వాడుకునే విలువ:

డెఫ్ చేర్చు(పేరు, జాబితా=[]):
    జాబితా.అపెండ్(పేరు)
    రిటర్న్ జాబితా

చేర్చు("పరకాల") అంటే ["పరకాల"] వస్తుంది, బాగుంది. తర్వాత చేర్చు("నర్సంపేట") అంటే ["పరకాల", "నర్సంపేట"] వస్తుంది. పిలిచిన ప్రతిసారీ ఖాళీ లిస్టు పుడుతుందని మనం అనుకుంటాం, కానీ పైథాన్ డీఫాల్ట్ విలువను డెఫ్ వరుస నడిచిన క్షణంలో ఒక్కసారే లెక్కగట్టి ఫంక్షన్‌తో పాటు దాచుకుంటుంది. జాబితా ఇవ్వకుండా పిలిచిన ప్రతిసారీ ఆ పాత లిస్టే మళ్లీ వస్తుంది, ముందు చేర్చిన ఊళ్లతో సహా. డీఫాల్ట్‌గా నన్ పెట్టి, లోపల ఇఫ్ జాబితా ఇజ్ నన్ అని చూసి, అప్పుడు జాబితా = [] అని కొత్తది చేసుకోవడం అందరూ పాటించే మార్గం.

ఇక మీ మూడో ప్రశ్న, అన్నిచోట్లా కాపీ. వద్దని చెబుతాను, రెండు కారణాలున్నాయి. ఒకటి ఖర్చు. 64 బిట్ల సీపైథాన్‌లో లిస్టులోని ప్రతి స్థానం 8 బైట్ల చిరునామా. పది లక్షల అంశాలున్న లిస్టును ఒక్కసారి కాపీ చేస్తే, అంశాలను వదిలేసి స్థానాలకే 80 లక్షల బైట్లు కావాలి, వాటన్నింటినీ నకలు తీసే సమయమూ పడుతుంది. మామూలు అసైన్‌మెంట్‌కు లిస్టు ఎంత పెద్దదైనా పట్టే సమయం ఒక్కటే, ఎందుకంటే అది ఒక పేరును కదపడమే. లూపు లోపల పిలిచే ఫంక్షన్‌లో అలవాటుగా కాపీ పెట్టినవారి ప్రోగ్రాములు చిన్న డేటాతో పరుగెత్తి, అసలు డేటా రాగానే నత్తనడక పడతాయి.

రెండోది ఇంకా ముఖ్యమైనది: చాలాచోట్ల పంచుకోవడమే మనకు కావాలి. వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో రోజంతా వచ్చే లాట్లను (అమ్మకానికి వచ్చిన సరుకు కుప్పలను) నమోదు చేసే ప్రోగ్రాము రాస్తే, పత్తి లాట్లను చేర్చే ఫంక్షన్, మిర్చి లాట్లను చేర్చే ఫంక్షన్, సాయంత్రం మొత్తం కట్టే ఫంక్షన్ మూడూ ఒకే లిస్టు మీద పని చేయాలి. అక్కడ ఎవరికి వారు కాపీ తీసుకుంటే పొద్దున చేర్చిన లాటు సాయంత్రం లెక్కలో ఉండదు, పైగా ఎక్కడా ఎర్రర్ రాదు కాబట్టి తప్పు పట్టుకోవడం మహా కష్టం. కాబట్టి ఫంక్షన్ రాసేటప్పుడే నిర్ణయించుకోండి, వచ్చిన లిస్టును ఇది మారుస్తుందా, లేక చూసి కొత్తది ఇస్తుందా అని. మార్చేదైతే ఏమీ రిటర్న్ చేయకండి, పేరులోనే చేర్చు, తొలగించు అని చెప్పండి. కొత్తది ఇచ్చేదైతే లోపల అపెండ్, సార్ట్, రివర్స్ వంటివి వచ్చిన లిస్టు మీద నేరుగా వాడకండి. వాడాల్సి వస్తే మొదటి వరుసలోనే కాపీ తీసుకుని ఆ కాపీ మీద వాడండి. మీ స్టేషన్ల ప్రోగ్రాములో తిరుగు దారిని ఇచ్చే ఫంక్షన్ రెండో జాతిది, అందులో రిటర్న్ దారి[::-1] అనే ఒక్క వరుస చాలు. ఆ మార్పు చేసి, పిలిచిన తర్వాత పోయేదారి ఇజ్ వచ్చేదారి అని ప్రింట్ చేయండి, ఫాల్స్ రావాలి.